నాలుగో వారం కాగితం

బిడ్డా, రాత్రి పదకొండింటికి నువ్వు పంపిన రిపోర్టు పొద్దున లేవంగనే చూసిన. కింద నువ్వు రాసింది కూడా చదివిన: “పెద్దమ్మా, ఇంకా ఉందట. మందు పనిచేస్తలేదా?” పనిచేస్తున్నది. ఆ కాగితం చెప్పేదే అది. ముందు ఛాయ్ తాగి, నేను చెప్పేది నిమ్మళంగ చదువు. ల్యాబుల్ల రక్తం గొట్టాల నడుమ ఉద్యోగం చేసి రిటైరైనదాన్ని, ఈ ఒక్క విషయంల నా మాట ఇనొచ్చు.

మందు మొదలుపెట్టక ముందు నీ హెపటైటిస్ సి వైరల్ లోడు 20 లక్షలు. ఇప్పుడేం రాసిండ్రు? “డిటెక్టెడ్, 15 ఐయూ కంటే తక్కువ.” నువ్వు మొదటి మాట కాడనే ఆగిపోయినవు, రెండోది చదవలేదు. 20 లక్షలు 15 కిందికి వచ్చిందంటే లక్ష రెట్లకు పైగ పడిపోయినట్టు. అదీ నాలుగు వారాల్ల.

పీసీఆర్ మిషన్ చేసే పనేందంటే, రక్తంల వైరస్ జన్యువు దొరికితే దాన్ని విడత విడతకు రెట్టింపు చేసుకుంట పోతది. వైరస్ బాగ ఉంటే సిగ్నల్ తొందరగ లేస్తది, కొంచెమే ఉంటే ఆఖరి విడతల్ల లేస్తది. నీది ఆ ఆఖర్ల లేచిన రకం. అంత కొంచెం ఉన్నప్పుడు ఉన్నట్టుందని చెప్పుడే మిషన్‌కు చాతనైతది, లెక్కపెట్టుడు చాతకాదు. అదే గొట్టంల రక్తం మళ్ల పెడితే “నాట్ డిటెక్టెడ్” రావచ్చు, మూడోసారి పెడితే మళ్ల “డిటెక్టెడ్” రావచ్చు. ఇంకొకటి, బతికిన వైరస్‌కు, పనికిరాని ముక్కకు మిషన్ తేడా పట్టలేదు. కల్లం ఎత్తినంక కూడా నేల మీద నాలుగు గింజలు కనబడతయి కదా, అట్లనే. మాత్రలు అయిపోయిన రోజున కూడా ఇట్ల కొద్దిగ కనబడి, తర్వాత పూర్తిగ నయమైనోళ్లున్నరని పరిశోధనలల్ల తేలింది.

అయినా ఈ పరీక్ష డాక్టరమ్మ రాయలేదు. నువ్వే మనసు ఆగక నక్కలగుట్టకు పోయి, పైసలు పెట్టి చేయించుకున్నవు. 2018 జూలై 28న సర్కారు మొదలుపెట్టిన హెపటైటిస్ కార్యక్రమంల మందులు ఉత్తగనే ఇస్తరు గాని, నడుమ నడుమ వైరల్ లోడు చెయ్యమని అడగరు. ఖర్చు మిగిలించుకునుడు కాదు బిడ్డా. ఈ మాత్రలు వాడేటప్పుడు నడిమి పరీక్షతోని నయమయ్యేదీ కానిదీ తెల్వదు కాబట్టి. ఇప్పుడు ఇంకో ల్యాబుల చేయించి సరిచూసుకుంటనంటున్నవు. వద్దు. ఒక ల్యాబు 12 వరకు లెక్కపెడతది, ఇంకొకటి 25 కాడనే ఆగుతది. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని నిద్ర చెడగొట్టుకునుడే మిగులుతది.

నీకు ఈ భయం ఎక్కడ పట్టుకున్నదో నాకెరుకే. మన గల్లీ చివరింట్ల సారు చెప్పిండు కదా, నాలుగో వారంల కనబడితే ఇగ పోయినట్టే అని. సారు అబద్ధమాడలేదు. ఆయన ఇంటర్‌ఫెరాన్ కాలపు మనిషి. వారం వారం సూది, సూది పడ్డ రాత్రి చలిజ్వరం, పొద్దూకులు రిబావిరిన్ గోలీలు. రకాన్ని బట్టి 24 వారాలు, 48 వారాలు. అప్పుడు నాలుగో వారం, పన్నెండో వారం లెక్కలు నిజంగనే గట్టివి. పన్నెండో వారానికి వైరస్ నూరో వంతుకన్నా పడకపోతే సూదులు ఆపేస్తుండిరి. సారుకు అట్లనే ఆపిండ్రు. ఆ దెబ్బ ఆయన మర్చిపోలేదు. కాని నీ మందు వేరు. సోఫోస్‌బువిర్ 2013 చివర్ల అమెరికాల వచ్చినప్పుడు ఒక్కో మాత్ర వెయ్యి డాలర్లు. 2015 నుంచి మన హైదరాబాద్ కంపెనీలు నాట్కో, హెటిరో కూడా దాన్ని చేసి అమ్మినయి, ధర నేలకు దిగింది. దానికి డక్లాటస్విర్ కలిపి 12 వారాలు వాడితే నూటికి 95 మంది దాకా నయమైతున్నరు. సారు లెక్క ఈ మందుకు కుదరదు.

ఎప్పుడు ఆలోచించాల్నో కూడా చెప్త, దాస్తలేను. తగ్గిన లోడు మళ్ల వేలల్లకు, లక్షలల్లకు ఎక్కితే అది డాక్టరమ్మ చూడాల్సిన ముచ్చట. ఎక్కువసార్లు అది మాత్రలు ఎగ్గొట్టినోళ్ల కాడ కనబడతది. ఫిట్స్ మందులు కొన్ని, టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ ఈ మాత్రల బలం తగ్గిస్తయి. కామెర్లకని ఎవరన్న పసరు పోస్తమంటే నమస్కారం పెట్టి వచ్చెయ్. కండ్లు పచ్చబడితే మాత్రం అదే రోజు దవాఖానకు పో. ఒక పూట మాత్ర మర్చిపోయినవనుకో, అదే రోజు యాదికొస్తే వేసుకో. మరునాడు రెండూ కలిపి మింగకు.

బతుకమ్మ నాటికి నీ మాత్రలు అయిపోతయి. దసరాకు బామ్మర్దులు గ్లాసు చేతికిస్తరు, కల్లు మందు కాదు బావా అంటరు. నీ కార్జానికి ఆ తేడా తెల్వదు. అసలు పరీక్ష ఆఖరి మాత్ర వేసుకున్న 12 వారాలకు, అంటే సంక్రాంతి జాడకు. అప్పుడు “నాట్ డిటెక్టెడ్” వస్తే నయమైనట్టే లెక్క. ఆ మూడు నెలలు మాత్ర ఉండదు, పరీక్ష ఉండదు, మనసు ఊకె గుంజుతది. మిర్చి సీజన్ ముంగటే కదా, ఎనుమాముల మార్కెట్ల నీ పని నువ్వు చేసుకో.

కోడలు ఫోన్ చేసి ఏడ్చింది. నీ స్టీలు గ్లాసుకు ఎర్ర దారం కట్టి పక్కకు పెట్టినవట, పాపను ఎత్తుకుంటలేవట. ఆ దారం ఇయ్యాల్నే తెంపు. కంచంతోని, గ్లాసుతోని, ముద్దుతోని ఇది అంటదు. రక్తం తాకే వస్తువులు, గడ్డం బ్లేడు, బ్రష్షు, గోళ్లు తీసేది, ఇవి నీవి నువ్వే వాడుకో, చాలు. ఎక్కడ అంటిందని రాత్రుళ్లు తవ్వుకోకు కూడా. చిన్నప్పుడు ఊరి ఆర్‌ఎంపీ ఉడకబెట్టిన సూదో, ఇంకేదో. ఇప్పుడు తెలిసి చేసేదేం లేదు.

రిపోర్టులన్నీ ఒక్క ఫైల్ల పెట్టుకో. నయమైనంక కూడా యాంటీబాడీ పరీక్షల పాజిటివ్ అనే వస్తది, బతికినన్ని రోజులు. ఏ హెల్త్ క్యాంపులనో, ఇన్సూరెన్సోళ్లో ఆ పరీక్ష చేసి మొఖం అదోతీరు పెడితే, ఆ సంక్రాంతి కాగితం తీసి చూపెట్టు. అప్పుడు గూడ రాత్రి పదకొండింటికి నాకు వాట్సాప్ పెట్టకు.