గదీ, గుర్తింపూ

ఒక మనిషి తన బతుకులోని నిజాన్ని దాచుకుంటే అది అబద్ధమవుతుందా? దాచడం తప్పే అయితే, ఆ తప్పు దాచుకున్నవాడిదా, దాచుకుంటే తప్ప నిలవనివ్వనివాళ్ళదా? నీతి గురించి ఆలోచించిన వాళ్ళకు ఇది పాత ప్రశ్నే. కాని నా దగ్గరికి ఇది పుస్తకాల్లోంచి రాలేదు. మా మేనకోడలి కొడుకు నోటినుంచి వచ్చింది.

మా మేనకోడలు చాలా ఏళ్ళుగా అమెరికాలో వుంటోంది. నేనక్కడ మూడు నెలలు వున్నప్పుడు కుర్రవాడు డిగ్రీ పూర్తిచేసి వైద్యకళాశాలలకు దరఖాస్తులు పెట్టే హడావుడిలో వున్నాడు. వాడు స్వలింగ ప్రేమికుడు. ఆ సంగతి తెలిసిన కొత్తలో తల్లీ తండ్రీ ఏడ్చారు, తరవాత వూరుకున్నారు, ఇప్పుడు వాడికి అండగానే వున్నారు. నాకు వాడే చెప్పాడు.

ఒకనాడు వాడొక కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. అందులో ఇరవై కళాశాలల పేర్లున్నాయి. నాలుగింటికి ఎదురుగా పెన్సిలుతో ప్రశ్నార్థకాలు పెట్టుకున్నాడు. ఆ నాలుగూ మతసంస్థల ఆధ్వర్యంలో నడిచేవి.

"ఇవి వుంచనా, కొట్టెయ్యనా, తాతయ్యా?" అన్నాడు.

అమెరికాలో వైద్యకళాశాల సీటంటే మాటలు కాదు. 2023లో సుమారు 52 వేలమంది దరఖాస్తు పెట్టుకుంటే, దాదాపు 23 వేలమంది చేరగలిగారు. సగానికి పైగా వెనక్కి వెళ్ళారన్నమాట. ఇరవైలో నాలుగు కొట్టెయ్యడమంటే వున్న తలుపుల్లో అయిదోవంతు తన చేత్తో తనే మూసుకోవడం.

అందుచేత పెద్దవాళ్ళందరూ చెప్పేదే నేనూ చెప్పాను. "అన్నీ వుంచు. వ్యాసంలో ఆ సంగతి రాయకు. ఇంటర్వ్యూలో ఎత్తకు. నాలుగేళ్ళు ఓర్చుకుంటే డాక్టరువవుతావు. తరవాత నీ ఇష్టం."

వాడు కోప్పడలేదు. "నాకు జ్వరమొస్తే చూడ్డానికి ఎవరొచ్చారో కూడా దాచుకోవాలి, నాలుగేళ్ళు. అదే వార్డులో రోగుల్ని మాత్రం 'ఇంట్లో ఎవరెవరుంటారు, నీతో ఎవరొచ్చారు' అని నేనే అడగాలి. ఎట్లా తాతయ్యా?" అన్నాడు.

అప్పుడు నేను జవాబు చెప్పలేకపోయాను.

నా సలహా ఎక్కడిదా అని తరవాత ఆలోచించాను. అది నాకు కొత్తది కాదు. గుంటూరులో చదువుకునే రోజుల్లో నా స్నేహితుడొకడు కులం మార్చి చెప్పి ఒక యింట్లో గది అద్దెకు తీసుకున్నాడు. నిజం చెప్పిన చోటల్లా "ఖాళీ లేదు" అన్నారు మరి. అట్లా చెప్పమని ప్రోత్సహించిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి. గది మంచిదే, అద్దె తక్కువే. రెండేళ్ళున్నాడు. ఆ రెండేళ్ళలో ఒక్కసారి కూడా తల్లిని గదికి రానివ్వలేదు. ఆమె వూరినుంచి వచ్చినప్పుడల్లా బస్టాండులోనే కలుసుకొని, హోటల్లో భోజనం పెట్టించి, తిరుగు బస్సు ఎక్కించేవాడు. ఆమె మాటా కట్టూ చూస్తే గుట్టు బయటపడుతుందని భయం. మేమంతా అతని తెలివిని మెచ్చుకున్నాం. ఆ తల్లి ఏమనుకున్నదో ఎవ్వరమూ అడగలేదు.

కులమూ ఇదీ ఒకటి కావని నాకు తెలుసు. కులం దాచుకున్నవాడికి యింటికి వెళితే తనవాళ్ళుంటారు. ఇటువంటి కుర్రాళ్ళలో చాలామంది మొట్టమొదట దాచుకోవలసింది తల్లి దగ్గరే. అయినా రెండుచోట్లా ఒక సంగతి సమానం: గది దొరకడం వేరు, ఆ గదిలో వున్నది తానేనన్న గుర్తింపు దొరకడం వేరు.

ఈ భేదాన్ని నేను కల్పించలేదు. ఒక న్యాయస్థానం తీర్పులోనే వుంది. వాషింగ్టన్ నగరంలోని జార్జిటౌన్ విశ్వవిద్యాలయం జెసూట్ ఫాదరీల సంప్రదాయంలో నడిచే కేథలిక్ సంస్థ. 1851 నుంచీ దానికి వైద్యకళాశాల వున్నది. అక్కడి స్వలింగ ప్రేమికులైన విద్యార్థులు తమ సంఘాలను గుర్తించమని 1980లో కోర్టుకెక్కారు. 1987లో అప్పీళ్ళ కోర్టు చెప్పిందేమంటే, తక్కిన విద్యార్థి సంఘాలకిచ్చే సౌకర్యాలన్నీ వీళ్ళకూ సమానంగా ఇచ్చి తీరాలి. అయితే వీళ్ళను ఆమోదిస్తున్నామని విశ్వవిద్యాలయం చేత బలవంతాన చెప్పించడానికి వీల్లేదు. సమావేశానికి గది ఇవ్వాలి, గుర్తింపు ఇవ్వనక్కరలేదు.

చట్టం చెయ్యగలిగింది అంతే కాబోలు. మనసులోని గౌరవాన్ని డిక్రీ పెట్టి వసూలు చెయ్యలేము. కాని కథ అక్కడితో ఆగలేదు. విద్యార్థులమీద దాడులు జరిగాయన్న ఆరోపణలతో 2007లో ఆందోళన రేగింది. 2008లో ఆ విశ్వవిద్యాలయమే ఇటువంటి విద్యార్థులకోసం ఒక ప్రత్యేక కేంద్రాన్ని తెరిచింది. అమెరికా కేథలిక్ విశ్వవిద్యాలయాలలో అటువంటిది అదే మొదటిది. 1987లో కోర్టు ఇప్పించలేని దాన్ని ఇరవయ్యొక్క ఏళ్ళ తరవాత విద్యార్థుల పోరాటం ఇప్పించింది. సంస్థ తన మతాన్ని వదులుకోలేదు. ఆ మతంలోనే వున్న దయ అనే మాటకు అర్థాన్ని కొంచెం విశాలం చేసుకున్నది.

కనుక "మతసంస్థ" అని ఒక్కమాటతో అన్నిటినీ ఒక గాటన కట్టడం పొరపాటు. కాలిఫోర్నియాలోని లోమా లిండా విశ్వవిద్యాలయం సెవెన్త్ డే ఆడ్వెంటిస్టులది. మనిషిని సంపూర్ణుణ్ణి చెయ్యడమే తన ఆశయమని అది చెప్పుకుంటుంది. వైద్యశాస్త్రంలో దాని కృషి చిన్నది కాదు. అమెరికాలో ఆసుపత్రిలో ప్రోటాన్ కిరణాలతో కేన్సరు చికిత్స మొదలుపెట్టింది 1990లో అక్కడే. కాని ఆ మతం వివాహాన్ని స్త్రీపురుషుల మధ్య బంధంగానే అంగీకరిస్తుంది. విద్యార్థుల నడవడిని గురించిన నియమాలకూ అదే ఆధారం. యూటాలో మోర్మనుల బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయానికి వైద్యకళాశాల పెట్టబోతున్నట్లు 2024 జూలైలో ప్రకటించారు. ఆ విశ్వవిద్యాలయం ప్రవర్తనా నియమావళిలో స్వలింగ సంబంధాలను గురించిన భాగాన్ని 2020 ఫిబ్రవరిలో తీసేశారు. విద్యార్థులు సంబరపడ్డారు. మార్చిలో, నియమం మారినా సూత్రం మారలేదని, అటువంటి ప్రేమ వ్యవహారాలు తగవని లేఖ వచ్చింది. సంబరం మూడు వారాలయినా నిలవలేదు. దరఖాస్తు పెట్టుకునే కుర్రవాడు చూడవలసింది నియమావళిలోని అక్షరాలను మాత్రమే కాదనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

మతాన్ని నమ్మేవాళ్ళు చెప్పే వాదాన్ని తేలిగ్గా తీసెయ్యడం న్యాయం కాదు. "ఈ కళాశాల మా పెద్దలు కట్టింది. మా విశ్వాసం ప్రకారం కలిసి బతకడానికి కట్టుకున్నాం. నచ్చనివాళ్ళు వేరే చోటికి పోవచ్చు" అంటారు. ఈ వాదానికి చరిత్ర బలం కూడా వుంది. న్యూయార్కులో కేథలిక్ కన్యకలు స్థాపించిన సెయింట్ విన్సెంట్స్ ఆసుపత్రి, ఎయిడ్స్ రోగుల్ని చూసి లోకం పారిపోతున్న 1984లో వాళ్ళకోసం ప్రత్యేకంగా వార్డు తెరిచింది. అక్కడ చనిపోయిన వాళ్ళలో చాలామంది స్వలింగ ప్రేమికులు. వాళ్ళ చెయ్యి పట్టుకున్నవాళ్ళలో సన్యాసినులున్నారు. ఆ సేవను మరిచిపోయి మతాన్ని విమర్శించేవాడు సగం నిజమే చెబుతున్నాడు.

అయితే ఆ సేవలోంచే నా ప్రశ్న పుడుతుంది. మంచం మీద పడుకున్నప్పుడు ఆదరించిన మనిషినే, మంచం పక్కన తెల్లకోటు తొడుక్కుని నిలబడతానంటే ఎందుకు ఆదరించరు? రోగిగా పనికొచ్చినవాడు వైద్యుడిగా ఎందుకు పనికిరాడు? దయ చూపించడం సులభం; సమానుడిగా పక్కన నిలబెట్టుకోవడం కష్టం. దయ పైనుంచి కిందికి వస్తుంది. గుర్తింపు ఎదురెదురుగా నిలబడితే గాని రాదు.

ఇక "మాది మా యిష్టం" అన్నమాట. ప్రార్థనామందిరం విషయంలో అది న్యాయమే. వైద్యకళాశాల ప్రార్థనామందిరం కాదు. అక్కడ చదివేవాళ్ళలో చాలామంది ఫీజులు ప్రభుత్వ రుణాలతో కడతారు. చదువయ్యాక ఆసుపత్రుల్లో వాళ్ళు పొందే శిక్షణకు మెడికేర్ అనే ప్రభుత్వ నిధి డబ్బిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఆ పట్టా లేనిదే ఎవరూ వైద్యం చెయ్యకూడదని రాజ్యం శాసించింది. ఒక వృత్తిలోకి వెళ్ళే ద్వారాన్ని సమాజం ఎవరి చేతికి అప్పగించిందో, వాళ్ళు ఆ ద్వారాన్ని సొంత యింటి తలుపులాగా వాడుకోవడం కుదరదు. అమెరికా చట్టం ఇక్కడ రెండు మనసులతో వున్నది. విద్యాసంస్థల్లో లింగవివక్షను నిషేధించిన 1972 నాటి చట్టమే, మతసంస్థల అదుపులో వున్న విద్యాలయాలకు వాళ్ళ సిద్ధాంతాలకు విరుద్ధమైనంతవరకు మినహాయింపునిచ్చింది. కెనడాలో ఇటువంటి చిక్కే ఒక క్రైస్తవ విశ్వవిద్యాలయం పెట్టదలచిన న్యాయకళాశాల విషయంలో వచ్చింది. స్త్రీపురుషుల వివాహబంధానికి వెలుపల లైంగిక సంబంధాలుండవని ప్రతి విద్యార్థీ ఒడంబడిక రాయాలన్నారు. వకీళ్ళ సంఘాలు ఆ కళాశాలను గుర్తించం పొమ్మన్నాయి. వాళ్ళకా అధికారం వున్నదని 2018లో కెనడా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అదే ఏడు ఆ విశ్వవిద్యాలయం విద్యార్థులకు ఒడంబడికను ఐచ్ఛికం చేసింది.

"వేరే చోటికి పోవచ్చు" అనే మాటకు ఇంకొక జవాబు కూడా వుంది. అందరూ వేరే చోటినుంచి వచ్చినవాళ్ళు కారు. ఆ చర్చిలోనే పుట్టి, ఆ పాటలే పాడుకుంటూ పెరిగి, ఆ నమ్మకంతోనే వైద్యుడు కావాలనుకున్న స్వలింగ ప్రేమికుడు వుంటాడు. అతణ్ణి పొమ్మంటే ఎక్కడికి పోతాడు? అతనికది పరాయిచోటు కాదు, పుట్టిల్లు.

దీన్నిబట్టి తప్పంతా మతానిదేననీ, విజ్ఞానశాస్త్రం మడిగట్టుకుని కూర్చున్నదనీ నిర్ధారణ చెయ్యడం మనల్ని మనం మోసం చేసుకోవడమే. మతం పాపమన్నదాన్ని వైద్యశాస్త్రం రోగమన్నది. అమెరికా మానసిక వైద్యుల సంఘం తన రోగాల జాబితాలోంచి స్వలింగ ప్రేమను తీసేసింది 1973లో. దానికి ముందటి ఏడు ఆ సంఘం మహాసభలో జాన్ ఫ్రయర్ అనే మానసిక వైద్యుడు, తానూ స్వలింగ ప్రేమికుణ్ణేనని చెప్పడానికి ముఖానికి ముసుగు వేసుకుని, గొంతు మార్చే మైకులో మాట్లాడవలసి వచ్చింది. ఆయన భయపడింది ఫాదరీలకు కాదు, తోటి డాక్టర్లకు. మన దేశం సంగతీ అంతే. సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పిన తరవాత కూడా, 2024లో జాతీయ వైద్య కమిషన్ న్యాయవైద్యం పాఠ్యప్రణాళికలో స్త్రీల మధ్య ప్రేమను అసహజ నేరాల పట్టికలోకి మళ్ళీ ఎక్కించింది. నిరసనలు వచ్చాక కొద్దిరోజుల్లోనే వెనక్కి తీసుకున్నది. ఆ పట్టిక రాసింది ఏ మతపీఠమూ కాదు. అమెరికా, కెనడా వైద్యవిద్యార్థులపై జరిపి 2015లో ప్రచురించిన ఒక పరిశీలనలో, ఇటువంటి విద్యార్థులలో సుమారు 30 శాతం తమ సంగతి కళాశాలలో దాచుకున్నట్లు తేలింది. వాళ్ళందరూ మతకళాశాలల వాళ్ళు కారు. మతసంస్థలో నియమం కాగితం మీద కనిపిస్తుంది. తక్కినచోట్ల నవ్వులోనూ మౌనంలోనూ వుంటుంది. తేడా అంతే.

ఈ నష్టం విద్యార్థితో పోయేదయితే, నాలుగేళ్ళు ఓర్చుకోమన్న నా సలహాకు ఏ కొంచెమో విలువుండేది. కాని దీని ఖరీదు చివరికి చెల్లించేది రోగి. అమెరికా, కెనడా వైద్యకళాశాలల్లో ఇటువంటి రోగుల ఆరోగ్యాన్ని గురించి మొత్తం చదువులో ఎన్ని గంటలు చెబుతున్నారని జరిపిన ఒక పరిశీలన 2011లో వెలువడింది. మధ్యస్థంగా తేలిన లెక్క అయిదు గంటలు. ఏళ్ళ తరబడి సాగే చదువులో అయిదు గంటలు! పాఠంలో లేని దాన్ని పక్కన కూర్చున్న సహాధ్యాయి వల్లనయినా తెలుసుకోవచ్చును. ఆ సహాధ్యాయి నోరు కూడా మూయిస్తే ఇక తెలిసేదెట్లా? తన దగ్గర మాట దాచిన రోగికి సగం వైద్యమే జరుగుతుంది. భయం లేకుండా మాట్లాడమని రోగికి చెప్పవలసినవాణ్ణి, భయపడి బతకడంలో తరిఫీదు చేసి పంపించడం ఏం వైద్యవిద్య?

మొదటి ప్రశ్నకు వస్తాను. దాచుకోవడం తప్పా? నా స్నేహితుడు దోషి కాడు. తల దాచుకోవడానికి చెప్పిన మాటను అబద్ధాల లెక్కలో రాసేవాళ్ళు ఎన్నడూ గది కోసం తిరిగినవాళ్ళు కారు. సీటుకోసం మౌనంగా వున్న విద్యార్థీ దోషి కాడు. తన్ను నిలవనివ్వనివాడికి నిజం బాకీ పడివుండడు ఎవడూ. అయితే దాచుకోవడం ఒకటి, దాచుకోమని సలహా ఇవ్వడం మరొకటి. దాచుకునేవాడు దెబ్బ కాచుకుంటున్నాడు. సలహా ఇచ్చేవాడు దెబ్బ కొట్టేవాడికి పని తేలిక చేస్తున్నాడు. బస్టాండులో తిరుగు బస్సు ఎక్కిన ఆ తల్లికి ఆ ఇంటివాళ్ళ మాట ఎట్లా వున్నా, నేను బాకీ వున్నాను.

తిరిగి వచ్చేముందు నా సలహా వెనక్కి తీసుకుంటున్నానని మావాడితో చెప్పాను. వాడు నవ్వి కాగితం చూపించాడు. నాలుగింటిలో రెండు కొట్టేశాడు, రెండు వుంచాడు. వుంచిన వాటిలో చదువుతున్న విద్యార్థులతో మాట్లాడి, పట్టాలిచ్చే రోజున ఎవరెవరి పక్కన ఎవరు నిలబడ్డారో అడిగి తెలుసుకున్నాడట. నియమావళికన్నా అదే నమ్మకమైన లెక్క అన్నాడు. నాకూ అట్లాగే తోచింది.

కాని ఇరవై యేళ్ళ కుర్రవాడు ఇట్లా కాగితం పట్టుకుని ఒక్కొక్క కళాశాల గాలినీ తూచుకుంటూ తిరగవలసి రావడమే అన్యాయం. ఆ తూకం వెయ్యవలసింది కళాశాలలు. మతసంస్థలయినా, ప్రభుత్వానివయినా, తమ గడపలో నిలబడిన విద్యార్థి ముందు తమను తాము తూచుకోవాలి. తమ నియమాలను దాచకుండా చెప్పాలి. ఆ నియమాలు ఏ రోగికి మేలు చేస్తాయో కూడా చెప్పాలి. చెప్పలేనినాడు వాటిని మార్చుకోవాలి. గది ఇచ్చాం కదా అంటే చాలదు. ఆ గదికి తల్లి రాగలగాలి, ప్రేమించినవాడు రాగలగాలి.