లక్షణమా, వైకల్యమా? : పొట్టికాళ్ల శునకజాతి ఆధారంగా ఒక నైతిక విచారణ

ఉపోద్ఘాతం

తెలుగులో ‘లక్షణం’ అనే మాటకు మూడు వాడుకలు ప్రసిద్ధం. ఒక జాతిని తక్కినవాటినుండి వేరుచేసే గుర్తు లక్షణం. మనుమంచి భట్టు ‘హయలక్షణవిలాసం’ పేరులో ఉన్నది ఈ అర్థమే. వైద్యునికి లక్షణమంటే రోగచిహ్నం. లోకవ్యవహారంలో ‘లక్షణంగా ఉంది’ అంటే చూడముచ్చటగా ఉందని. ఒకే అవయవం ఈ మూడర్థాలకూ ఏకకాలంలో ఆశ్రయమైనప్పుడు తలెత్తే నైతిక ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. డాక్స్‌హండ్ అనే చిన్న శునకజాతి కాళ్లు అందుకు ఉదాహరణ.

జన్యువు చెప్పేది

బొరియల్లో దూరి వేటాడేందుకు జర్మనీలో పెంచిన జాతి ఇది. దీని పొట్టికాళ్లకు కారణం ఎఫ్‌జీఎఫ్4 అనే జన్యువుకు ఏర్పడిన అదనపు ప్రతి అని 2009లో శాస్త్రజ్ఞులు వెల్లడించారు. పద్ధెనిమిదవ క్రోమోజోములో చేరిన ఆ ప్రతి వల్ల పొడవాటి ఎముకల చివరి మృదులాస్థి పెరుగుదల ముందే కుంటుపడుతుంది. పన్నెండవ క్రోమోజోములో అలాంటి ప్రతి మరొకటి ఉందని 2017లో తేలింది. ఇది కాళ్లను పొట్టిచేయడంతో ఆగదు. వెన్నుపూసల మధ్య బిళ్లలను పిన్నవయసులోనే గట్టిపరుస్తుంది. బిళ్ల జారి వెన్నుపామును నొక్కితే వెనుకకాళ్లు చచ్చుబడవచ్చు. ఈ ముప్పుకు ఒక్క ప్రతి చాలు. డాక్స్‌హండ్‌లో ఇది దాదాపు జాతి అంతటా పాతుకుపోయింది. కనుక దీన్ని తొలగించాలంటే ఇతర జాతులతో సంకరం తప్పదు. సంకరం చేస్తే జాతిలక్షణం చెడిందంటారు. చిక్కుముడి ఇక్కడే ఉంది.

పశ్చిమ నెల్లూరు సాక్ష్యం

అనుమసముద్రంపేట, ఆత్మకూరు, ఉదయగిరి పరిసరాల మెట్టసీమ ఈ ప్రశ్నకు రెండు పోలికలను అందిస్తుంది. మొదటిది నెల్లూరు గొర్రె. పొడవైన కాళ్లు గల ఈ జాతి మేతకోసం దూరాలు నడవగలదు. దాని లక్షణం దాని బతుకుకే ఉపకరిస్తుంది. ఇందుకు విరుద్ధంగా 1791లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో పొట్టి వంకరకాళ్లతో పుట్టిన గొర్రెపిల్ల సంతతిని, కంచె దూకలేదన్న కారణంతోనే పెంచారు. డార్విన్ పేర్కొన్న ఆంకన్ గొర్రె అదే. అక్కడ లక్షణం ఉపకరించింది యజమానికి.

రెండవ పోలిక ఫ్లోరోసిస్. నాటి నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని 1937లోనే వైద్యులు నమోదు చేశారు. తాగునీటిలోని ఫ్లోరైడు వల్ల వచ్చే దొడ్డికాళ్లను ఎవరూ కోరుకోలేదు. అవి సంతానానికి వంశపారంపర్యంగా సంక్రమించవు. నీరు మారితే రాబోయే తరం నిటారుగా నడుస్తుంది. మనిషికి వచ్చిన వంకరను వైకల్యమని, నివారించదగినదని అందరూ అంగీకరిస్తారు. కుక్కకు కోరి తెచ్చిన వంకర మాత్రం ముచ్చట అవుతున్నది.

పుట్టుక, బాధ్యత

‘పుట్టుకతో వచ్చింది’ అనే పలుకుబడి సాధారణంగా ఎవరినీ తప్పుపట్టలేని స్థితిని సూచిస్తుంది. అయితే ఏ మగకుక్కను ఏ ఆడకుక్కతో కలపాలో మనిషి నిర్ణయించిన చోట పుట్టుక కూడా ఒక కర్మే. దానికి కర్త ఉన్నాడు.

దీనికి బలమైన ఆక్షేపణ ఒకటి ఉంది. ఆ జత కట్టించకపోతే ఆ కుక్కపిల్లే లేదు. ఉన్నందుకు దానికి అన్యాయం జరిగిందని ఎలా అనగలం? మానవసంతానం విషయంలో ఇదే చిక్కును డెరెక్ పార్ఫిట్ 1984లో విస్తృతంగా చర్చించాడు. ఈ వాదం పుట్టిన పిల్లను ప్రేమించడానికి చాలుతుంది గాని, రేపటి జతను సమర్థించడానికి చాలదు. పెంపకందారు ఎంచుకునేది ఈ పిల్లనో ఆ పిల్లనో కాదు, ఒక కొలమానాన్ని. ఆ కొలమానం తెచ్చే నొప్పిని భరించేది ఎంచినవాడు కాదు. ఏ పిల్ల పుట్టినా ఈ అసమానత మారదు.

ముగింపు

ఇది పరాయి జాతులకే పరిమితమైన ప్రశ్న కాదు. పుంగనూరు ఆవు సహజంగానే పొట్టిది. ఇంటి ముంగిట ముద్దుకోసం ఇంకా పొట్టివాటిని కోరే ధోరణి నేడు కనిపిస్తున్నది. ఐర్లండులోని డెక్స్‌టర్ ఆవుల్లో పొట్టితనాన్నిచ్చే ఒక జన్యుమార్పు తల్లిదండ్రులిద్దరి నుండీ సంక్రమిస్తే దూడ బతకదు. పుంగనూరు ఆవుకు ఆ దోషం ఉందని దీని అర్థం కాదు. ముచ్చటను కొలమానం చేసేముందు పరీక్ష అవసరమని మాత్రమే. జాతిలక్షణం రోగలక్షణమైన చోట దాన్ని ‘లక్షణం’గా ఉందని మెచ్చుకోవడం భాషాదోషం కాదు, నైతికదోషం. లక్షణాన్ని నిర్ణయించేటప్పుడు చూసేవారి కంటికన్నా నడిచే ప్రాణి కాలికే ముందు స్థానం దక్కాలి.