ఎగువ మందు, దిగువ నీళ్లు

ఆదివారం వచ్చిందంటే తిరుపతి నుంచి తలకోనకు, కైలాసకోనకు బైకులు బారులు కడతాయి. జలపాతం కింద తడిసి, ఫోటోలు దిగి, పొద్దుగూకేలోగా ఇల్లు చేరేవాళ్లకు నీళ్లంటే ఒక పూట ఆట. చెరువులో ఊత వేసే యానాదికి, కాలువలో నత్తలు ఏరే ఆడవాళ్లకు, మడుగులో మునిగి తేలే మన పిల్లలకు నీళ్లే పని, నీళ్లే కూడు, ఆట కూడా అక్కడే. కాలికి పుండు ఉన్నా దిగక తప్పదు. కాబట్టి మందులకు లొంగని బాక్టీరియా గురించి పట్నం వాళ్లకంటే మనమే ముందు మాట్లాడుకోవాలి.

ఇది ఎట్లా పుడుతుంది? లక్షల బాక్టీరియా మీద యాంటీబయోటిక్ పడితే దాదాపు అన్నీ చస్తాయి. ఏదో మార్పు వల్ల తట్టుకున్న ఒకటి రెండు మిగిలి, ఖాళీ అయిన చోటంతా తమ సంతానంతో నింపుతాయి. అంతటితో ఆగదు. తట్టుకునే గుణాన్ని మోసే జన్యువును పక్కనున్న వేరే జాతి బాక్టీరియాకూ అందించగలవు. మురుగునీరు ఇందుకు సంత లాంటిది. మనిషి మింగిన మందు, పశువుకు, కోడికి, చెరువులో రొయ్యకు వేసిన మందు కొంత అట్లాగే బయటికొస్తుంది. మలంలోని బాక్టీరియాతో కలిసి కాలువ పడుతుంది. మురుగు శుద్ధి కేంద్రాలు బాక్టీరియాను బాగా తగ్గిస్తాయి గానీ పూర్తిగా తుడిచిపెట్టవు.

బ్రిటన్‌లో సముద్రపు అలల మీద పలకలతో ఆడేవాళ్లను పరీక్షించి 2018లో ఫలితాలు ప్రకటించారు. సెఫలోస్పోరిన్ రకం మందులకు లొంగని ఈ-కోలై బాక్టీరియా వాళ్లలో నూటికి తొమ్మిది మంది కడుపులో ఉంది. ఆ ఆట ఆడనివాళ్లలో నూటికి ముగ్గురిలోనే ఉంది. సరదాకు దిగినవాళ్ల సంగతే ఇట్లా ఉంటే, కూటి కోసం రోజూ మోకాటి లోతులో నిలబడేవాళ్ల సంగతేమిటి?

ఇక తప్పెవరిదన్న ప్రశ్న. పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి అందుకున్నప్పుడు ప్రసంగంలో ఒక ఊహాకథ చెప్పాడు. గొంతు నొప్పి వచ్చిన ఒకాయన చాలీచాలని మోతాదులో పెన్సిలిన్ వాడతాడు. అందులో ముదిరిన క్రిమి ఆయన భార్యకు అంటుతుంది. ఆమెకు అదే మందు వేస్తే పనిచేయదు, ఆమె చనిపోతుంది. ఆ చావుకు ప్రధాన బాధ్యుడు అజాగ్రత్తగా మందు వాడిన భర్తే అంటాడు ఫ్లెమింగ్. ఆరోగ్య శిబిరాల్లో మనకు చెప్పే మాట కూడా ఇంచుమించు ఇదే.

ఈ తీర్పు మనకు పూర్తిగా ఒప్పుదల కాదు. మన గూడెంలో మనిషి రెండు మాత్రలే ఎందుకు కొంటాడు? ఆస్పత్రికి పోతే ఆ రోజు కూలి పోతుంది. ఐదు రోజుల మందుకు చేతిలో డబ్బుండదు. రెండో రోజుకు జ్వరం తగ్గితే మిగిలిన మాత్ర పిల్లకు పనికొస్తుందని చూరులో దోపుతాడు. సంగటి ముద్ద పారేయని ఇంట్లో మాత్ర మాత్రం పారేస్తారా? అది అజాగ్రత్త అనడానికి మాకు నోరు రాదు. పొదుపు అది, చేటు చేసే పొదుపు.

ఇంకో వైపు చూడండి. హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులో సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో వివరాలు ప్రచురించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ ఉంది. మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. ఒక్క రోజులో పారిన మందు 44 కిలోలని లెక్క కట్టారు. 500 మిల్లీగ్రాముల మాత్రలైతే 88 వేలు. చూరులో దోపిన ఒక మాత్రను, దీన్ని ఒకే తక్కెడలో వేసి ‘ప్రజల్లో అవగాహన లేదు’ అనడం న్యాయమేనా?

అయితే, తప్పు మనది కాదంటే బాధ్యత కూడా తీరిపోయినట్టేనా? ఇక్కడే మాకు పీటముడి పడుతుంది. అడవిలో గడ్డ తవ్వితే తీగ మొదలును మళ్లీ మట్టిలో పెట్టి రమ్మని పెద్దలు నేర్పారు. తవ్వేవాళ్లంతా ఒకరికొకరు తెలిసినవాళ్లు కాబట్టి ఆ కట్టుబాటు నిలిచింది. మందుల బలం కూడా అందరిదీ అయిన గడ్డే. కానీ దాన్ని తవ్వేవాళ్లు ఎక్కడెక్కడో ఉన్నారు, మన ముఖం చూడరు, మన మాట వినరు. ఒక్క 2019లోనే ప్రపంచంలో సుమారు 12 లక్షల 70 వేల మంది మందులకు లొంగని బాక్టీరియా వల్లే చనిపోయారని అంచనా. కంపెనీ వదిలిందా, కూలివాడు వదిలిందా అని బాక్టీరియా చూడదు. మిగిల్చిన మాత్ర వల్ల ముదిరిన క్రిమి మొదట అంటేది కంపెనీ యజమానికి కాదు, పక్క గుడిసెలో బాలింతకు. అందుకని, ఎదుటివాడు సరిగ్గా ఉండేదాకా మేమూ ఉండం అనే హక్కు మనకు లేదనే అనుకుంటున్నాం. మందు పూర్తిగా వాడమని చెప్పేవాళ్లను, ఆ ఐదు రోజుల మందు గూడెం దాకా తెమ్మని నిలదీసే హక్కు మాత్రం గట్టిగా ఉంది.

ఉపాధ్యాయులకు ఒక మనవి. జలుబు వైరస్ వల్ల వస్తుంది, దాని మీద యాంటీబయోటిక్ పనిచేయదు అన్న ఒక్క ముక్క పిల్లలకు పట్టుబడితే చాలా మాత్రలు మిగులుతాయి. పుండు ఉన్న కాలితో మడుగులో దిగొద్దని, ఆడేటప్పుడు నీళ్లు మింగొద్దని కూడా చెప్పండి. ఆ తర్వాత పెద్ద పిల్లలను తీసుకొని, హాస్టల్ మరుగుదొడ్ల నీళ్లు ఏ కాలువలో కలిసి ఏ చెరువుకు చేరుతున్నాయో గట్టు వెంబడి నడిచి చూడండి. సెప్టిక్ ట్యాంకు తోడుకుపోయే లారీ ఎక్కడ పారబోస్తుందో డ్రైవరునే అడగండి. తెలిసింది కాగితం మీద పెట్టి, వచ్చే గ్రామసభలో ఆ పిల్లల చేతనే చదివించండి.