ఎవరి ఆకలి, ఎవరి చేతిలో

బ్యాంకాక్‌లో చావో ఫ్రాయా నది ఒడ్డున బౌద్ధాలయాల రేవుల్లో ఒక్క రొట్టె ముక్క విసిరితే చాలు, నీళ్లు కుతకుతలాడతాయి. బలిసిన పంగాసియస్ అనే క్యాట్‌ఫిష్‌లు ఒకదాని మీద ఒకటి ఎక్కి నోళ్లు తెరుస్తాయి. గుడి దగ్గర వాటిని పట్టకూడదు, మేపితే పుణ్యం. అందుకే వచ్చిన భక్తుడల్లా వేస్తాడు, అవి తింటూనే ఉంటాయి. అదే జాతి చేపను కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పెంచే రైతు మాత్రం వేళ చూసుకుని, లెక్క చూసుకుని మేత చల్లుతాడు. ఇద్దరిలో దయ ఎవరిది?

పెట్టే చెయ్యి వెనక్కి తియ్యకూడదని మనవాళ్ల నమ్మకం. ‘చాలు’ అనే మాట విస్తరి ముందు కూర్చున్నవాళ్లు అనాలి గాని వడ్డించేవాళ్లు అనకూడదు. మితాన్నీ మన పెద్దలు తక్కువ చెయ్యలేదు. అతిగా తినేవాడికీ బొత్తిగా తిననివాడికీ యోగం కుదరదంటుంది గీత ఆరో అధ్యాయం. సంయుత్త నికాయంలో కోసల రాజు ప్రసేనజిత్తు కథ ఉంది. ద్రోణమంత అన్నం తిని ఆయాసపడుతూ వచ్చిన రాజుకు బుద్ధుడు మితాహారం మీద ఒక గాథ చెప్పాడు. రాజు దాన్ని ఒక యువకుడికి నేర్పించి, భోజనానికి కూర్చున్నప్పుడల్లా తనకు వినిపించమన్నాడు. క్రమంగా తిండి తగ్గింది, ఒళ్లు తేలికపడింది.

ఆ మితం రాజు తనకు తాను పెట్టుకున్నది. చెరువులో చేపకు ఆ వీలు లేదు.

అమెరికాలో మిసిసిపి డెల్టా క్యాట్‌ఫిష్ సాగుకు పెట్టింది పేరు. అక్కడి చానల్ క్యాట్‌ఫిష్‌కు మామూలుగా రోజుకోసారి, తిన్నంత మేత వేస్తారు. ఖర్చులో పెద్ద వాటా మేతదే. 2008లో మొక్కజొన్న, సోయా ధరలు మండిపోయినప్పుడు రోజు విడిచి రోజు వేసే పద్ధతి మీద అందరి చూపూ పడింది. అలా వేస్తే, దొరికిన రోజున చేప మామూలు కంటే ఎక్కువే తింటుంది. కానీ రెండు రోజుల తిండి ఒక్క పూటలో పట్టదు. కిలో పెరగడానికి పట్టే మేత కాస్త తగ్గుతుంది, చేప బరువూ తగ్గుతుంది. రోజుకు రెండుసార్లు వేస్తే కొంత ఎక్కువ ఎదగవచ్చు గాని, పెద్ద చెరువుల్లో ఆ లాభం శ్రమకు సరిపోదు. చేపపిల్లల సంగతి వేరు. వాటి పొట్ట చిన్నది, ఎదుగుదల వేగం ఎక్కువ, రోజుకు పలుమార్లు పెట్టాల్సిందే. మన దేశంలో నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పిల్లలైతే ఆకలేస్తే తోటి పిల్లల్నే మింగేస్తాయి.

మరి అడక్కుండా కుమ్మరిస్తే? మిగిలిన మేత అడుగున కుళ్లుతుంది. దాన్నుంచి అమ్మోనియా, అమ్మోనియా నుంచి నైట్రైట్ పుడతాయి. నైట్రైట్ మొప్పల గుండా లోపలికి వెళితే రక్తం చాక్లెట్ రంగుకు తిరిగి ప్రాణవాయువును మొయ్యలేకపోతుంది. నీళ్లలో ఆక్సిజన్ ఉన్నా చేపకు ఊపిరాడదు. పుణ్యం కోసం వేసినా లాభం కోసం వేసినా నీటికి తేడా తెలియదు.

క్యాట్‌ఫిష్ ఒళ్లంతా రుచి మొగ్గలే. మీసాల మీదా, పక్కలా, తోక దాకా ఉంటాయి. బురదనీటిలో కళ్లతో పనిలేకుండా తిండిని పసిగడుతుంది. అలాంటి ప్రాణికి ఆకలి లేదనడం కుదరదు. అయితే చలికి నీళ్లు చల్లబడితే తనంతట తానే మేత మానేస్తుంది. కొన్నాళ్లు పస్తున్నాక మళ్లీ పెడితే ఆబగా తిని, వెనకబడిన ఎదుగుదలను కొంతైనా అందుకుంటుంది. కాబట్టి ఒకరోజు మేత ఆపినంత మాత్రాన రైతును కఠినుడనలేం. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ తగ్గినప్పుడు ఆపడం చేప కోసం. ధర పెరిగిందని ఆపడం జేబు కోసం. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి, కానీ రెండోదాన్ని మితాహారమని పిలవడం అన్యాయం.

నిర్ణయాన్ని కొంత చేపకే వదిలే పద్ధతులూ ఉన్నాయి. ఆంధ్రాలో బొచ్చె, శీలావతి పెంచే రైతులు తౌడు, చెక్క కలిపి, చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి చెరువులో కట్టిన గడలకు వేలాడదీస్తారు. చేపలు వచ్చి చిల్లులకు నోరు పెట్టి పీల్చుకుంటాయి. క్యాట్‌ఫిష్‌కు తేలే మేత వేస్తే, ఎంత ఉరుకుతో పైకి వస్తున్నాయో, ఎప్పుడు మందగించాయో గట్టు మీంచే కనబడుతుంది. అది చూసి చెయ్యి ఆపేవాడు దాదాపుగా విస్తరి ముందు మర్యాదను పాటిస్తున్నట్టే.

పట్టుబడికి ముందు పెట్టే పస్తు మాత్రం ఈ లెక్కలోకి రాదు. పొట్ట ఖాళీ అయితే రవాణాలో నీళ్లు పాడవవు. ఒకటి రెండు రోజులు మేత ఆపడానికి ఆ కారణం సరిపోతుంది. లారీ రాలేదనో, రేటు కుదరలేదనో ఆ పస్తును ఇంకా పొడిగించడానికి మాత్రం సరిపోదు.