గీత కూడా ఆప్తవాక్యమే

చమురు శుద్ధి కర్మాగారాల్లో కరిగిన గంధకాన్ని పైపుల్లో పంపుతారు. వేడి విషయంలో గంధకానికి పట్టింపు ఎక్కువ. సుమారు 115 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగితే పైపులోనే గడ్డకడుతుంది. 160 దాటితే ముదురు పాకంలా చిక్కబడి పంపుకు లొంగదు. అందుకని పైపు వెంబడి ఆవిరి గొట్టాన్నో కరెంటు కేబుల్‌నో నడిపి, పైన ఇన్సులేషన్ చుట్టి, దానిమీద రేకు తొడుగుతారు. ఇదే హీట్ ట్రేసింగ్. డ్రాయింగ్‌లో దీన్ని చూపడానికి పైపును మందపాటి గీతగా గీసి, దాని పక్కనే సన్నని డాష్‌డ్ లైన్ వేస్తారు.

రేకు తొడిగాక కేబుల్ ఎవరికీ కనిపించదు. మరి ఆ సన్నగీతను నమ్మడానికి ఆధారమేమిటి?

17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు రాసిన ‘తర్కసంగ్రహం’లో దీనికి దారి దొరుకుతుంది. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని ప్రమాణాలు నాలుగు. కేబుల్ ప్రత్యక్షానికి అందదు. కొండమీది పొగను బట్టి నిప్పు ఉందని తేల్చడం అనుమానం, కానీ ఇక్కడ పొగ లేదు. పైపు వెచ్చగా తగిలినా ఆ వేడి లోపలి ద్రవానిదో, కేబుల్‌దో తేల్చలేం. ముందే తెలిసిన పోలికతో కొత్తదాన్ని గుర్తుపట్టే ఉపమానానికీ ఇక్కడ చోటు లేదు. మిగిలింది శబ్దం, అంటే ఆప్తుడి మాట. ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడే ఆప్తుడు. ప్లాంటులో మరమ్మతుకు వచ్చిన ఫిట్టర్‌కు, ఎన్నడూ చూడని డ్రాఫ్ట్స్‌మనే ఆ ఆప్తుడు.

గీతను మాటగా లెక్కించవచ్చా? లెక్కించాల్సిందే. ఫలానా పదం వల్ల ఫలానా అర్థం తెలియాలన్న సంకేతమే పదానికి శక్తి అంటాడు అన్నంభట్టు. ఆ సంకేతం ఈశ్వరుడిదని ఆయన మాట. డ్రాయింగ్ గుర్తులకు దాన్ని మనుషులే ఏర్పరచుకున్నారు. డ్రాయింగ్ గుర్తులపై 2012లో వెలువడిన ఐఎస్ఓ 10628 రెండో భాగం అటువంటి ఒప్పందమే. ప్రతి ప్రాజెక్టులో ముందుండే, గుర్తుల అర్థాలు చెప్పే లెజెండ్ షీటూ అంతే. శబ్దార్థాల సంబంధం నిత్యమనే మీమాంసకుల వాదం ఇక్కడ నిలవదు. లెజెండ్ మారితే అదే గీతకు అర్థమూ మారిపోతుంది.

వాక్యం అర్థం కావాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి ఉండాలి. ఇవి డ్రాయింగ్‌కూ వర్తిస్తాయి. పక్కన పైపు లేకుండా ట్రేసింగ్ గీత ఒక్కటే ఉంటే అది ఆకాంక్ష తీరక సగంలో ఆగిన మాట. పైపుకు దూరంగా జరిగితే సన్నిధి పోయి, అది ఏ పైపుదో తెలియదు. అన్నిటికంటే లోతైనది యోగ్యత. నిప్పుతో తడపడం అన్నప్పుడు పదాలన్నీ సరైనవే, అయినా అర్థం పొసగదు. మైనస్ 196 డిగ్రీల దగ్గర మరిగే ద్రవ నైట్రోజన్ లైనుకు ఆవిరి ట్రేసింగ్ గుర్తు పెట్టడమూ అలాంటిదే. మామూలు డ్రాఫ్టింగ్ సాఫ్ట్‌వేర్ దానికి అడ్డుచెప్పదు. కాపీ చేసిన గుర్తును ఎక్కడ పెడితే అక్కడ ఉంచుతుంది. యోగ్యత చూసుకోవలసింది మనిషే.

గీసినవాడి మనసులో అబద్ధం లేకపోయినా గీత అబద్ధమాడే సందర్భం ఒకటుంది. ఆటోక్యాడ్‌లో లైన్‌టైప్ స్కేలు తప్పితే డాష్‌డ్ లైన్ ముక్కల మధ్య ఖాళీలు కనబడక, అది నిండు గీతలా అచ్చవుతుంది. అప్పుడు చదివేవాడికి ట్రేసింగ్ కనిపించదు, పక్కపక్కన రెండు పైపులు కనిపిస్తాయి. స్క్రీన్ మీద సరిగా ఉంది కదా అనడం సమాధానం కాదు. ఆప్తత్వం గీసినవాడి ఉద్దేశంతోనే పూర్తికాదు, చదివేవాడి చేతికి అందిన కాగితం కూడా నిజం చెప్పాలి.

అందుకే డ్రాఫ్టింగ్ చేసేవారికి ఒక విన్నపం. షీటు విడుదల చేసే ముందు ఒకసారి ప్రింటు తీసి లెజెండ్‌తో సరిచూడండి. సైటులో కేబుల్ తీసేశారని తెలిస్తే కట్టింది కట్టినట్టు చూపే యాజ్-బిల్ట్ డ్రాయింగ్‌లో ఆ గీతనూ తీసేయండి.