దినములు లెక్కించువాడెవడు?

ధ్యాన భాగము: యెషయా 38, 39 అధ్యాయములు



మన దర్శి పల్లెలలో ఎవరికైనను క్యాన్సరు ముదిరి ఊపిరి అందనప్పుడు, ఇంటివారు ఒంగోలుకో గుంటూరుకో తీసికొని పోవుదురు. రోగిని ఐ.సి.యు.లో ఉంచెదరు. వరండాలో కూర్చున్న భార్య అడుగునది ఇదే: "డాక్టరుగారూ, మా ఆయన బతుకుతాడంటారా? మిరప చేను అమ్మమంటారా?"

దీనికి జవాబు వెదకుటకు వైద్యుల యొద్ద ఒక కొలత గలదు. దాని పేరు సోఫా, 1996లో ప్రకటింపబడెను. ఊపిరితిత్తులు, గుండె రక్తప్రసరణ, కాలేయము, మూత్రపిండములు, మెదడు, రక్తములోని ప్లేట్‌లెట్లు, ఈ ఆరింటికి 0 మొదలు 4 వరకు అంకె వేయుదురు. మొత్తము 24. అంకె ఎంత పెరిగిన అపాయము అంత ఎక్కువ. ఐ.సి.యు.లో ఆ కొద్ది దినములు గడచుట క్యాన్సరు రకముకంటె, ఎన్ని అవయవములు దెబ్బతినెనను దానిమీదనే ఎక్కువ ఆధారపడును. కాబట్టి కొందరికి కొన్ని దినములు పూర్తి చికిత్స చేసి, అంకె దిగుచున్నదా ఎక్కుచున్నదా అని మరల చూతురు.

అయితే అంకె నూరుమందిలో ఎందరు పోవచ్చునో చెప్పును గాని, పోవువాడు మీ తండ్రియేనని చెప్పలేదు. పైగా క్యాన్సరు మందులవలననే ప్లేట్‌లెట్లు తగ్గుట కలదు.

హిజ్కియా రాజును తలంచుడి. మరణము సమీపించెను, ఇంటి సంగతులు సరిచేసికొమ్మని ప్రవక్త చెప్పెను. రాజు గోడతట్టు తిరిగి ఏడ్చి ప్రార్థించెను. పదునైదేండ్లు కలుపబడెను. పుండుమీద అంజూరపు ముద్దయు వేసిరి. ప్రార్థన మందును త్రోసివేయలేదు. అయితే కలిసివచ్చిన ఆ ఏండ్లలోనే అతడు బబులోను దూతలకు తన ధననిధులు చూపి అతిశయించెను. దినములు పెరుగుట ఒకటి, వాటిని చక్కగా గడపుట మరియొకటి.

కాబట్టి వైద్యుని మాట వినుట అవిశ్వాసము కాదు. అంకెను దేవుని తీర్పుగా ఎంచి రోగిని విడిచిపెట్టుటయు విశ్వాసము కాదు. ఇక యంత్రము బాధను మాత్రమే పొడిగించునని వైద్యులు చెప్పినయెడల, నొప్పి తగ్గించి దగ్గర కూర్చుండుట ప్రేమయే. హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో అట్టి ఉపశమన సేవ కలదు. అట్టి స్థితిలో తనకెట్టి చికిత్స వలదో ముందుగా వ్రాసియుంచుకొను హక్కును 2018లో సుప్రీం కోర్టు గుర్తించెను. బాగున్నప్పుడే ఇంటివారితో ఆ మాట చెప్పుట ఇల్లు సరిచేసికొనుటయే.

సంఘస్థులారా, వరండాలోని ఆ సహోదరి యొద్దకు ఎవరు పోవుదురు? ఆమె బిడ్డలకు అన్నము ఎవరు పెట్టుదురు? కోతకు వచ్చిన ఆమె మిరప కాయలు ఎవరు కోయుదురు? అది ఏ కొలతయు చెప్పదు. మనమే చెప్పవలెను.

ప్రార్థన: ప్రభువా, మా దినములు నీ చేతిలోనివి. మిగిలినవి ఎన్నియైనను వాటిని ప్రేమతో గడపుటకు మాకు నేర్పుము. ఆమేన్.