ప్రామాణ్యవాదమును సర్టిఫికెట్టు పరిశీలనయు

ఒక జ్ఞానము యథార్థమని తెలియుట ఆ జ్ఞానమువలననేనా, లేక దానికి వెలుపలనున్న వేరొక సాక్ష్యమువలననా యను ప్రశ్న మీమాంసకులకును నైయాయికులకును నడుమ శతాబ్దుల తరబడి సాగిన వాదమునకు మూలము. సాఫ్ట్‌వేర్‌ను బిల్డు చేయు వ్యవస్థలలో నేడా ప్రశ్నయే అనుదినము తలయెత్తుచున్నది.

బిల్డు వేళ యంత్రము పరుల సర్వర్లనుండి లైబ్రరీలను తెచ్చుకొనును. సర్వరు చూపిన సర్టిఫికెట్టులోని పేరు మనము కోరినదేనా, గడువు మీరలేదు గదా, సంతకము చేసినదెవరు అని ముందుగా విచారింపవలెను. ఆ సంతకమునకు పైన మరియొక సంతకము, దానిపైన ఇంకొకటి. ఇట్లు పోయి పోయి ఆ పరంపర తనకు తానే సంతకము చేసికొన్న మూల సర్టిఫికెట్టుకడ నిలిచిపోవును. అది మన యంత్రములోని జాబితాలో ముందే యుండుట తప్ప దానిని నమ్ముటకు వేరు హేతువు లేదు. జ్ఞానపు యథార్థతకు వెలుపలి సాక్ష్యము కావలెనను నైయాయికుల పరతఃప్రామాణ్యమున మీమాంసకులు చూపిన, సాక్ష్యమునకు సాక్ష్యము వెదకుచు పోవలసిన అనవస్థాదోషమిదియే. దానిని కొట్టివేయు బాధకజ్ఞానము గాని, అది పుట్టిన కారణములలో దోషము గాని బయటపడువరకు జ్ఞానము తనంతనే ప్రమాణము, అనగా స్వతఃప్రమాణమని మీమాంసకుడైన కుమారిలభట్టు సిద్ధాంతము. మూల సర్టిఫికెట్టుల జాబితా విషయమునను ఇట్లే జరుగును. 2011లో నెదర్లాండ్స్‌లో సర్టిఫికెట్టులిచ్చు డిజినోటార్ సంస్థలోనికి చొరబడినవారు గూగుల్ పేర దొంగ సర్టిఫికెట్టును పుట్టింపగా, ఆ దోషము బయటపడినంతనే బ్రౌజర్లు ఆ సంస్థను తమ జాబితాలనుండి తొలగించినవి. ఆ సెప్టెంబరులోనే అది దివాలా తీసెను.

కాని నిత్యము జరుగునదేమి? సర్టిఫికెట్టు సరిపోలక బిల్డు ఆగినపుడు, రిలీజు గడువు తరుముచుండగా, డౌన్‌లోడు చేయు కర్ల్ ఆజ్ఞలో సర్టిఫికెట్టు పరిశీలనను మానిపించు ‘మైనస్ కె’ చేర్చి పని కానిత్తురు. వ్రాసినవాడు ఉద్యోగము మారినను అది స్క్రిప్టులో నిలిచిపోవును. దీనిని విశ్వాసమని పిలువజాలను. బాధకజ్ఞానము పుట్టు ద్వారమునే మూసివేయుట కుమారిలునకును సమ్మతము కాదు. సీమేక్ వంటి ప్రసిద్ధమైన బిల్డుసాధనము సైతము తన డౌన్‌లోడు ఆజ్ఞలో సర్టిఫికెట్టు పరిశీలనను అడుగకయే చేయుట 2024 నాటి 3.31వ వెర్షనుతో గాని మొదలు కాలేదు.

అయినను సర్టిఫికెట్టు తెలుపునది పలుకుచున్నదెవరో మాత్రమే. ఆ పలుకు నమ్మదగినదగుటకు పలుకువాడు ఆప్తుడు కావలెను; ఆప్తుడనగా ఉన్నదున్నట్లెఱిగి, అట్లే చెప్పగోరువాడని నైయాయికుల మతము. ఆ కోరికను ఏ సంతకమును నిరూపింపజాలదు. 2024లో ఎక్స్‌జెడ్ లైబ్రరీలో దొంగదారిని చొప్పించినది దాని నిర్వాహకాధికారము సంపాదించిన వ్యక్తియే. ఆ విడుదలపై సంతకము సరిగానే యున్నది. లాగిన్‌లో సుమారు అరసెకను ఆలస్యమేలయని శంకించిన ఇంజనీరు ఒకడు దానిని పట్టుకొనెను. శంకకు చోటుంచుట యెంత యవసరమో ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము నాకు తెలియదు.

కావున, చదువరులారా, మీ స్క్రిప్టులలో ఆ ‘మైనస్ కె’ మిగిలియున్నచో నేడే తీసివేయుడు. ఆఫీసు నెట్‌వర్కునకు సొంత మూల సర్టిఫికెట్టున్నచో దానిని జాబితాలో చేర్చుడు, పరిశీలనను మాత్రము ఆపకుడు.